పిచ్‌లు లెక్కపెట్టకుండా మ్యాచ్ ఆడించొద్దు

స్కూల్ గేమ్స్ సాఫ్ట్‌బాల్ పోటీలు ఎలా నడుస్తాయో హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ మైదానాలకు వెళ్లేవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో టోర్నీ అయిపోవాలి. పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకొకటి. చాలా జట్లకు నమ్మకమైన పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి; ఆమె వేసే ఒక్కో బంతే పిచ్) ఒక్కతే ఉంటుంది, జట్టు గెలిచినకొద్దీ ఆమెకే పని పెరుగుతుంది. అండర్-14, అండర్-17 అమ్మాయి రోజుకు ఎన్ని బంతులు వేయొచ్చో రూల్‌గా రాయాలి. ఆ లెక్క దాటితే అంపైరే ఆపాలి.

సాఫ్ట్‌బాల్‌లో బంతిని చెయ్యి కింది నుంచి ఊపి వేస్తారు. "కింది నుంచి వేసేదానికి భుజానికేమవుతుంది?" అనే మాట చాలామంది నోట వింటాం. అసలు నష్టం ఈ నమ్మకంతోనే. విండ్‌మిల్ పిచ్ అనే ఈ పద్ధతిలో చెయ్యి గాలిమర రెక్కలా నిండుగా ఒక చుట్టు తిరిగొచ్చి తుంటి పక్కన బంతిని వదులుతుంది. ఆ ఊపులో చేతిని కీలు నుంచి బయటికి లాగే బలం ఎంతుంటుందో 1996 అట్లాంటా ఒలింపిక్స్ పిచ్చర్లను చిత్రీకరించి లెక్కగట్టారు. సగటున శరీర బరువులో 80 శాతం! ఆ లెక్కన 45 కిలోల అమ్మాయి భుజానికి ప్రతి బంతికీ 36 కిలోల గుంజుడు. పైనుంచి విసిరే బేస్‌బాల్ పిచ్చర్ భుజం మోసే ఒత్తిడికి ఇదేమీ తీసిపోదు. బైసెప్స్ కండను భుజానికి పట్టి ఉంచే స్నాయువు ఈ గుంజుడుకు వాచిపోతుంది. పైగా పద్నాలుగేళ్ల పిల్లకు భుజం ఎముక చివర ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

మ్యాచ్‌కు ఏడు ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు; అంటే 21 మందిని ఔట్ చేయాలి. హిట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్) కలుపుకుంటే మ్యాచ్‌కు వంద బంతులు తేలిగ్గా అవుతాయి. రెండు మ్యాచ్‌లకు రెండొందలు, వార్మప్ బంతులు అదనం. టోర్నీల్లో వరుస రోజులు పిచ్ చేసిన అమ్మాయిలను పరీక్షిస్తే, రాత్రి విశ్రాంతితో భుజం బలం పూర్తిగా తిరిగి రావడం లేదని తేలింది. అమెరికాలో పిల్లల పోటీలైన లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో 13-16 ఏళ్ల పిల్లలకు రోజుకు 95 పిచ్‌లే హద్దు. మన సాఫ్ట్‌బాల్ పిల్లలకు ఆపాటి కాపలా ఎందుకుండకూడదు?

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడి 413 బంతులు వేసి స్వర్ణం తెచ్చింది. గొప్ప ఘనతే, కాదనను. కానీ అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. ఆ కథ చెప్పి తొమ్మిదో తరగతి పిల్లను ఉత్సాహపరచడం అన్యాయం.

నొప్పి అని పిల్ల నోరు తెరిచేదాకా ఆగితే ఆలస్యమే. అలసట అంతకు ముందే కనిపిస్తుంది. మోకాళ్ల ఎత్తులో రావాల్సిన బంతి ఛాతీ దాకా లేస్తుంటుంది. ముందడుగు కురచవుతుంది. కాళ్లు, నడుము అలిసిపోయాక ఆ వేగమంతా భుజమే తేవాలి. కుడిచెయ్యి లేవక జడను ఎడమచేత్తో సర్దుకుంటున్న పిల్లకు కూడా పెయిన్ స్ప్రే కొట్టి మళ్లీ బంతి వేసే సర్కిల్‌లోకి పంపుతున్నాం.

ఉన్నదే ఒక్క పిచ్చర్, హద్దు పెడితే మ్యాచ్ చేతులారా పోగొట్టుకున్నట్టే కదా అని పీఈటీలు అంటారు. హద్దు రెండు జట్లకూ ఒకటే. రూల్ వస్తేనే రెండో పిచ్చర్‌ను, మూడో పిచ్చర్‌ను తయారుచేయాల్సిన అవసరమూ వస్తుంది.

పీఈటీలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. బడిలో ఆటకు విలువ కట్టేది మెడల్‌తోనే. సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటా, కోటా వస్తే సీటో ఉద్యోగమో అన్న ఆశ తల్లిదండ్రులది. కూలికి పోయి పిల్లను చదివించే ఇంట్లో ఆ ఆశ చిన్నది కాదు. అందుకే పిల్ల నొప్పి దాచుకుంటుంది, ఇంట్లోవాళ్లు ఓర్చుకోమంటారు, సార్ చూసీ చూడనట్టుంటాడు. ఆటను సర్టిఫికెట్ల కార్ఖానాగా మార్చిన ప్రభుత్వం, సంఘాలు పిల్లల ఒంటికి మాత్రం పూచీ తీసుకోవు. గెలిచినప్పుడు ఫొటోలో అందరూ ఉంటారు. ఫిజియో దగ్గరికి వెళ్లే బస్సు ఛార్జీలు మాత్రం తండ్రివే.

వచ్చే సీజన్ సెలక్షన్స్ నోటీసులోనే ఇవి ఉండాలి: ప్రతి జట్టులో కనీసం ఇద్దరు పిచ్చర్లు, అండర్-14కు రోజుకు 60 బంతులు, అండర్-17కు 80, వరుసగా రెండో రోజు పిచింగ్ లేదు. ఈ అంకెల మీద డాక్టర్లు, కోచ్‌లు కూర్చుని వాదించుకోనివ్వండి. స్కోరర్ పక్కన ఒక రిజర్వ్ అమ్మాయిని కూర్చోబెట్టి బంతికో గీత గీయించే పని మాత్రం రేపటి మ్యాచ్ నుంచే మొదలుపెట్టొచ్చు.