సిద్ధంగా ఉండు, సారు వస్తున్నారు

పోయిన మే నెలలో మా అక్క కొడుకు అయిదు రోజుల స్కౌట్ క్యాంపుకు వెళ్లాడు. ముందే ఇచ్చిన కాగితంలో తాళ్లు ముడివేయడం, దిక్సూచి చూడటం, కట్టెల పొయ్యి మీద వండుకోవడం, పాకాల చెరువు దాకా నడక అని రాసి ఉంది. నాలుగో రోజు సాయంత్రం, వాడు మరిచిపోయిన దోమల క్రీము ఇచ్చి రావడానికి వెళ్లాను. "ఏం నేర్పిన్రు రా?" అన్నాను.

"చప్పట్లు, మామా."

నేను నవ్వలేదు, మీరూ నవ్వొద్దు. మర్నాడు ముగింపు సభ. ముఖ్య అతిథి వస్తున్నారు. పాకాల నడక అందుకే రద్దయింది. కాకతీయుల నాటి చెరువు ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది, రేపూ ఉంటుంది. సారు మళ్లీ దొరుకుతారా?

రిహార్సల్ నా కళ్లతో చూశాను. ఒక మాస్టారు ముఖ్య అతిథి వేషం కట్టారు. భుజాన శాలువా లేకపోవడంతో తువ్వాలు వేసుకున్నారు. ఆయన స్టేజి మెట్టు మీద కాలు పెడితే వాన చప్పట్లు. అంటే మొదట ఒక వేలితో టపటప, తర్వాత రెండు, మూడు, చివరికి అరచేతులతో కుండపోత. కుర్చీలో కూర్చుంటే ఇంకో రకం. మైకు అందుకుంటే ఇంకోటి. "రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అన్నప్పుడు కొట్టేవి వేరు, నిజంగా ముగించినప్పుడు కొట్టేవి వేరు. రెండోవాటిలో సంతోషం ఎక్కువైపోయిందని మాస్టారికి కోపం వచ్చింది. "గంత ఖుషీ ఎందుకురా? సారు ఏమనుకుంటడు? మళ్లా కొట్టున్రి." మళ్లీ కొట్టారు. ఈసారి బాధ ఎక్కువైంది. మళ్లీ మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. తువ్వాలు జారిపోయింది. దానిక్కూడా ఎవడో వాన చప్పట్లు కొట్టాడు.

ఇంతలో అసలు సంకటం బయటపడింది. స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేస్తారు. ప్రపంచమంతా అదే పద్ధతి. కానీ మన దగ్గర పెద్దమనిషికి ఎడమ చెయ్యి అందిస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? ముగ్గురు మాస్టార్లు గుంపుగా నిలబడి అరగంట చర్చించారు. చివరికి, సారు చెయ్యి చాస్తే కుడిది, చాచకపోతే నమస్తే అని తీర్మానించి, పిల్లల చేత పదిసార్లు చేయించారు.

1907 ఆగస్టులో, స్కౌట్ ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పావెల్ ఓ ఇరవై మంది పిల్లలను వెంటబెట్టుకుని ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టాడు. ఆఫ్రికా జింక కొమ్ము ఊది పిల్లల్ని నిద్ర లేపేవాడట. పాపం, ఆయనకు షామియానా లేదు, శాలువా లేదు, ముఖ్య అతిథి అంతకన్నా లేడు. ఉద్యమం ఎట్లా నిలబడిందో ఆశ్చర్యమే.

మన క్యాంపులో గుడారాలు కూడా టెంట్ హౌస్ వాళ్లే వేసి పోయారు. ప్రథమ సోపాన్ అనే స్కౌట్ పరీక్ష దాటాలంటే రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ లాంటి ముడులు రావాలి గనక, అవి చార్టు మీద గీసి చూపించారు. మా వాడి పెట్రోల్‌లో (బండిలో పోసేది కాదు, ఎనిమిది మంది జట్టు) ఒక గౌండ్ల పిల్లగాడున్నాడు. తండ్రి మోకు వేసుకుని తాటిచెట్లెక్కుతాడు. వీడు తాడు తీసుకుని తండ్రి వేసే ముడి వేసి, దాని మీద తన బరువంతా వేసి వేలాడి చూపించాడు. సిలబస్‌లో లేదన్నారు.

మర్నాడు పది గంటలకు సభ. పిల్లలను తొమ్మిదింటికే మైదానంలో నిలబెట్టారు. మే నెల వరంగల్ ఎండ సంగతి నేను రాయక్కర్లేదు. ములుగు అడవుల్లో తునికాకుకు పోయేవాళ్లు చీకటితోనే లేచిపోయి, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరి నీడన కట్టలు కట్టుకుంటారు. ఉపాధి పనికి పోయేవాళ్లూ పొద్దుగాలే ముగించుకుంటారు. గొర్లను కూడా చెట్టు కిందికి తోలుకుపోతారు. పన్నెండేళ్ల పిల్లలను మాత్రం మెడకు స్కార్ఫు బిగించి, రెండు గంటలు మట్టినేల మీద నిలబెట్టొచ్చు. ఎందుకంటే సారు హన్మకొండలో బయల్దేరారు. కాసేపటికి మళ్లీ బయల్దేరారు. మైకులో ఆయన బయల్దేరుతూనే ఉన్నారు.

పదకొండు దాటాక మూడో వరసలో ఒక పిల్ల కూలిపోయింది. చప్పుడు కూడా రాలేదు, నిలబెట్టిన బస్తా ఒరిగినట్టు ఒరిగింది. మైకు ఏమందో తెలుసా? "లైన్ కదలొద్దు." ఎవరి పిల్ల అనుకుంటున్నారయ్యా అది? ఎవడి చప్పట్ల కోసం పుట్టింది? స్టేజి మీద సారు కోసం తెచ్చిన కొబ్బరిబోండాలు ఐసు పెట్టెలో ఉన్నాయి, మనుషులు మాత్రం ఎండలో ఉన్నారు. నేను షామియానా కింద కుర్చీలో ఉన్నాను. నా పక్కన ఇంకో నలభై మంది తల్లిదండ్రులు. ఎవరైనా లేస్తారేమోనని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సిగ్గులేని జన్మలు మావి.

వరస తప్పి ఉరికింది గౌండ్ల పిల్లగాడే. తన బాటిల్లో మిగిలిన నీళ్లు ఆ పిల్ల మొహం మీద చల్లి, స్కార్ఫు విప్పి, చెయ్యి పట్టి నీడకు తీసుకుపోయాడు. అప్పుడు కదిలాం మేం కూడా, ఎంతో బాధ్యత గల వాళ్లలాగ.

సారు పన్నెండున్నరకు వచ్చారు. కుడి చేతిలో ఫోను, చెవికి ఆనించుకుని ఉంది. కాబట్టి వరసలో ఉన్న పిల్లలకు ఎడమ చెయ్యి అందిస్తూ పోయారు. రాత్రంతా కుడి చెయ్యి నేర్చుకున్న పిల్లలు తికమకపడ్డారు గానీ మా వాడి మొహం వెలిగిపోయింది. "మామా, సారుకు స్కౌట్ పద్ధతి తెలుసు!"

సేవాభావం మీద నలభై నిమిషాలు మాట్లాడారు. వాన చప్పట్లు బాగా పడ్డాయి. చివర్లో జట్ల మార్కులు చదివారు. మా వాడి పెట్రోల్ రెండో స్థానం. వరస తప్పినందుకు అయిదు మార్కులు కోశారట, లేకుంటే మొదటిదే.