చాక్లెట్లెందుకు, చెనిక్కాయలు చాలవా?
రంగురంగుల చాక్లెట్లను రంగుల వారీగా వేరు చేయిస్తే పిల్లలకు లెక్కల్లో పునాది పడుతుందని ఒక వ్యాసంలో రాశారు. మాట నిజమే, కానీ దానికి చాక్లెట్లు కొనే పనేముంది? మాది అనంతపురం. ఐదేళ్లు నిండిన మా మనవరాలి ముందు చేటలో ఉడకబెట్టిన చెనిక్కాయలు పోస్తే, కాయ నొక్కులు చూసి ఒక గింజవి, రెండు గింజలవి, మూడు గింజలవి అని తనే కుప్పలు పెట్టింది. తర్వాత అవే కాయల్ని పెద్దవి, చిన్నవి అని మళ్లీ వేరు చేయమంటే మాత్రం తడబడింది. ఒకే వస్తువును రెండు రకాలుగా చూడడం ఆ వయసుకు కష్టం. రంగు ఒక్కటే చూపిస్తూ పోతే ఆ కష్టం వాళ్లకు ఎదురే కాదు. ఇంకో తమాషా. ఐదు కాయల్ని దగ్గరగా, ఇంకో ఐదింటిని దూరం దూరంగా పేరిస్తే, పొడవు వరుసలోనే ఎక్కువున్నాయని ఒకటే వాదన! పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో చెప్పిందే కదా, కోప్పడి లాభం లేదు. లెక్కపెట్టించి వదిలేశాను. ఈలోగా మూడు గింజల కుప్ప ఖాళీ, తీసివేతలు కూడా అయిపోయాయనుకోండి. ఇంకా చిన్నపిల్లలకైతే గింజలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.