ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ బాగున్నట్టేనా?

కంప్యూటర్ ఆన్ కాకపోతే ఎస్ఎంపీఎస్‌ను, అంటే గోడ కరెంటును లోపలి భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే డబ్బాను, ఇలా పరీక్షించండంటూ వాట్సాప్‌లో చేతులు మారే సలహా ఒకటుంది. మాటల్లో చిన్న తేడాలున్నా సారం ఇదే: "మదర్‌బోర్డుకు తగిలించే 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ తీగనీ నల్ల తీగనీ పేపర్ క్లిప్పుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ బాగున్నట్టే, పోయింది మదర్‌బోర్డే. తిరక్కపోతే 450 వాట్లది ఏదో ఒకటి తెచ్చి బిగించండి. అంతకంటే పెద్దది పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది. 80 ప్లస్ గుర్తుంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. కేబినెట్ షాక్ కొడుతుంటే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే." దీన్ని నమ్మి బాగున్న మదర్‌బోర్డును పక్కన పడేసేవాళ్లున్నారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం.

"ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టే."

కాదు. పచ్చ తీగ, అంటే 16వ పిన్ను, నల్ల తీగకు తగిలితే ఎస్ఎంపీఎస్‌కు ఆన్ అవ్వమన్న సంకేతం అందుతుంది, అంతే. ఆ ఫ్యాన్‌కు కావాల్సింది రెండు మూడు వాట్లు. ఆట ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి రెండు మూడు వందల వాట్లు లాగుతాయి. ఖాళీ బండిని కదిలించిన ఎద్దు ఇరవై బస్తాలు కూడా లాగుతుందని ఎలా చెప్తాం? ఇంకో తిరకాసు ఏంటంటే, కొన్ని మంచి ఎస్ఎంపీఎస్‌లలో లోడు తక్కువుంటే ఫ్యాన్ కావాలనే ఆగి ఉంటుంది. ఈ పరీక్షలో అవి పోయినట్టు తేలతాయి. అంటే చెడ్డది పాసవుతుంది, మంచిది ఫెయిలవుతుంది.

క్లిప్పు బదులు మల్టీమీటర్ తీసుకోండి, 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టండి. నల్ల ప్రోబు ఏదైనా నల్ల తీగకు ఆనించాలి. ముందుగా కంప్యూటర్ ఆఫ్‌లో, వెనక స్విచ్ ఆన్‌లో ఉంచి ఊదా తీగ (9వ పిన్ను) చూడండి. అక్కడ ఎప్పుడూ 5 వోల్టులు ఉండాలి. లేకపోతే 24 పిన్నుల కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి మళ్లీ చూడండి. ఊడదీశాక వస్తే షార్ట్ బోర్డు వైపు ఉంది, అప్పటికీ రాకపోతే ఎస్ఎంపీఎస్సే పోయింది. తర్వాత కనెక్టర్ బోర్డులోనే ఉంచి పవర్ బటన్ నొక్కి బూడిద రంగు తీగ (8వ పిన్ను) చూడాలి. వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని బోర్డుకు చెప్పేది అదే. వోల్టేజీలు కుదురుకున్నాక అర సెకనులోపు అది 5 వోల్టుల దగ్గరికి ఎక్కాలి. ఎక్కకపోతే ఫ్యాన్లన్నీ గిర్రున తిరుగుతున్నా మదర్‌బోర్డు బూట్ కాదు. "ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే లేదు" అన్న కేసుల్లో కొన్ని ఇవే, అప్పుడు తప్పు బోర్డుది కాదు.

అసలు పరీక్ష లోడు మీద. కంప్యూటర్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో ఎర్ర ప్రోబు పసుపు తీగ (12 వోల్టుల లైను) వైపు పెట్టండి. డెస్క్‌టాప్ తెరిచి ఊరికే ఉన్నప్పుడు 12.1 చూపించి, ఆట మొదలవగానే 11.2కు జారిందనుకోండి, దోషి దొరికినట్టే. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య. తీగలన్నీ నల్లగా ఉండే కొత్త మోడళ్లలో రంగును కాదు, పిన్ను నంబరునే నమ్మాలి.

మీటరుకూ ఒక గుడ్డితనం ఉంది. అది సగటు చూపిస్తుంది, లోపలి రిపుల్, అంటే వోల్టేజీలో వేగంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు, చూపించదు. 12 వోల్టుల మీద రిపుల్ 120 మిల్లీవోల్టులు దాటకూడదు, దాన్ని చూడాలంటే వోల్టేజీ మార్పులను గీతగా చూపించే ఆసిలోస్కోప్ కావాలి. అందుకే రీడింగులన్నీ బాగున్నా కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవడం ఆగకపోతే, బాగుందని తెలిసిన వేరే ఎస్ఎంపీఎస్ ఒకటి పెట్టి చూడక తప్పదు. పాతదాని మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

"450 వాట్లది ఏదైనా చాలు."

స్టిక్కర్ మీది పెద్ద అంకె అమ్మేవాడి కోసం, కింది చిన్న పట్టిక కొనేవాడి కోసం. ఒక పట్టికలో 12 వోల్టులకు 16 ఆంప్స్, 5 వోల్టులకు 20, 3.3 వోల్టులకు 20, మైనస్ 12కు 0.5, 5 వోల్టుల స్టాండ్‌బైకి (ఆ ఊదా తీగకు) 2 అని రాసి ఉందనుకుందాం. గుణించండి: 192, 100, 66, 6, 10. అన్నీ కూడినా 374. పైన ఉన్న 450 ఎక్కణ్నుంచి ఊడిపడింది? పోనీ 374 కూడా ఒప్పుకోకండి, ఇవాళ్టి కంప్యూటర్ బరువంతా 12 వోల్టుల మీదే కాబట్టి మనకు దక్కేది 192 వాట్లే.

ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 170. రెండింటికే 287 వాట్లు, అంటే 12 వోల్టుల మీద దాదాపు 24 ఆంప్స్. 16 ఆంప్స్ డబ్బా దీన్ని మోయలేదు. మోయలేనప్పుడు ప్రొటెక్షన్ (లోడు మితిమీరితే ఆపేసే ఏర్పాటు) ఉంటే ఆఫ్ అవుతుంది, లేకపోతే ఏదో ఒకటి కాలుతుంది. ఈ కార్డుకు దాని చిప్పు తయారుచేసే ఎన్విడియా సూచించేది 550 వాట్లది. మీరు పట్టికలో 12 వోల్టుల దగ్గర కనీసం 40 ఆంప్స్ ఉన్నదాన్ని వెతకండి.

కార్డుకు కావాల్సిన 8 పిన్నుల తీగ లేదని సాటా (హార్డ్‌డిస్కులకు కరెంటిచ్చే కనెక్టర్) నుంచి మార్చే అడాప్టర్ అంటగడతారు, తీసుకోవద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, 8 పిన్నులది 150 దాకా అడుగుతుంది. ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తర్వాత వాసన వస్తుంది.

"పెద్దది పెడితే బిల్లు పెరుగుతుంది."

కంప్యూటర్ ఎంత అడిగితే అంతే లాగుతుంది. లోపల 300 వాట్లు కావాలి, సామర్థ్యం (గోడ నుంచి లాగినదాంట్లో లోపలికి చేరే భాగం) 85 శాతం అనుకుంటే గోడ నుంచి వచ్చేది దాదాపు 353 వాట్లు. డబ్బా మీద 450 ఉన్నా 750 ఉన్నా అంతే.

"80 ప్లస్ ఉంటే కళ్లు మూసుకోవచ్చు."

ఆ గుర్తు ప్రధానంగా చెప్పేది సామర్థ్యం గురించే. రిపుల్ గురించి, ప్రొటెక్షన్ల గురించి, ఎండాకాలం మన గదుల్లో 40 డిగ్రీల దగ్గర ఎలా ఉంటుందన్న దాని గురించి అది ఏమీ చెప్పదు. ఉంటే మంచిదే, వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి.

"కేబినెట్ షాక్ కొడితే ఎస్ఎంపీఎస్ మార్చాలి."

డబ్బు దండగ. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు లోహపు డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద సగం వోల్టేజీ, అంటే సుమారు 115 వోల్టులు తేలుతుంది. చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి ముట్టుకుంటే జివ్వుమనేది అదే. బాగున్న కొత్త ఎస్ఎంపీఎస్ బిగించినా ఎర్త్ లేని సాకెట్‌లో అలాగే జివ్వుమంటుంది.

సాకెట్‌కు మూడు కన్నాలున్నంత మాత్రాన పైకన్నానికి తీగ ఉన్నట్టు కాదు. మీటరును ఏసీ 750 వోల్టుల రేంజిలో పెట్టి కొలవండి: ఫేజు, ఎర్త్ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల్లోపు రావాలి. అలా రాకపోతే పిలవాల్సింది కంప్యూటర్ మెకానిక్‌ను కాదు, ఎలక్ట్రీషియన్‌ను.