పసిపిల్లల గది గురించి తిరుగుతున్న సందేశానికి నా అభ్యంతరాలు

నెల్లూరులో మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ, మా అపార్ట్‌మెంటు గ్రూపులోనూ పిల్లల గది అలంకరణ గురించి ఒక సందేశం కొన్ని వారాలుగా తిరుగుతోంది. బిడ్డను మొదటి రాత్రి నుంచే విడి గదిలో మెత్తని దిండ్ల మధ్య ఒంటరిగా పడుకోబెట్టాలనీ, గోడ రంగులన్నీ సీసంతో నిండిన విషమే కాబట్టి గోడలకు వాల్‌పేపరూ నేలకు కార్పెటూ వేయించాలనీ, చీకట్లో మెరిసే రేడియం నక్షత్రాలు క్యాన్సర్ తెస్తాయనీ, ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవాడికి నీలం ప్రకృతి సిద్ధమైన రంగులనీ, పిల్లలను గోడ మీద గీత గీయనివ్వకూడదనీ అందులో ఉంది. మా చిన్న కోడలికి ఇప్పుడు ఏడో నెల. "అత్తయ్యా, ఇవన్నీ చేయించకపోతే బిడ్డకు ఏమైనా అవుతుందా?" అని ఆమె బెంగగా అడిగినందువల్లనే ఇది రాస్తున్నాను.

వీటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒంటరి పడక గురించిన మాట. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో వెలువరించిన సూచనల ప్రకారం బిడ్డ కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కాకపోతే విడి పడక మీద, వెల్లకిలా నిద్రపోవాలి. ఆ పడక గట్టిగా, చదునుగా ఉండాలి. దాని మీద దిండ్లు, బొమ్మలు, మెత్తని దుప్పట్లు ఉండకూడదు, ఎందుకంటే ముఖం వాటిలో కూరుకుపోతే పసిబిడ్డ తనంతట తాను తల తిప్పుకోలేక ఊపిరాడకపోవచ్చు. సందేశంతో పాటు వచ్చిన ఫోటోలో ఊచల మంచం చుట్టూ కట్టి ఉన్న దూది పట్టీల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి మరీ నిషేధించింది. ఊచల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించకుండా చూసుకుంటే ఆ పట్టీల అవసరమే ఉండదు. తల గుండ్రంగా రావాలని మనం పెట్టే ఆవాల దిండుకూ ఇదే వర్తిస్తుంది. నా పిల్లలిద్దరికీ నేను ఆ దిండే పెట్టాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఈ బిడ్డకు మాత్రం పెట్టనివ్వను.

గోడ రంగులన్నీ విషమనే మాటలో కొంత నిజముంది, ఆ కొంతే జనాన్ని నమ్మిస్తోంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే పరవాలేదని చెప్పగల మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే మన దేశంలో 2016లో చేసిన నియమాల వల్ల 2017 నవంబరు 1 నుంచి ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. కాబట్టి భయపడవలసినది ఇప్పుడు కొనే ఎమల్షన్ డబ్బాను చూసి కాదు, అంతకుముందు ఎప్పుడో తలుపులకూ కిటికీ ఊచలకూ వేసిన పసుపు, ఆకుపచ్చ, నారింజ ఎనామిల్ పూతలను చూసి. వాటిని ఎమరీ పేపరుతో రుద్దినప్పుడు లేచే దుమ్ము నేల మీద పడుతుంది, పాకే బిడ్డ చేతుల నుంచి నోట్లోకి వెళుతుంది. గోడలకు వాల్‌పేపరు అంటించినంత మాత్రాన ఆ తలుపులు ఎక్కడికీ పోవు. పైగా బిడ్డ పుట్టకముందే గది సిద్ధం కావాలనే తొందరలో గర్భిణిని ఇంట్లోనే ఉంచి పాత పూతలు గీకించే వాళ్ళను నేను చూశాను. సీసం తల్లి రక్తం నుంచి కడుపులోని బిడ్డకు చేరుతుంది కాబట్టి, అది చేయకూడని పని.

ఇక వాల్‌పేపరు సంగతి. మైపాడు తీరం మాకు పాతిక కిలోమీటర్ల లోపే ఉంది, మా వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన ఆ రోజుల్లో మా పెద్ద మనవరాలి గది గోడ చెమ్మ పీల్చింది. ఆ గోడకు అంతకు కొద్ది నెలల ముందే బొమ్మల వాల్‌పేపరు అంటించాం. సంక్రాంతి నాటికి ఒక మూల ఊడిపోగా లాగి చూస్తే వెనక అరచేతులంత నల్లని బూజు మచ్చలు కనిపించాయి. గోడలోని తేమను బయటకు పోనివ్వని ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం, అంటించడానికి వాడిన జిగురు, గాలి ఆడని సందు, ఈ మూడూ కలిస్తే బూజుకు అంతకంటే అనువైన చోటు ఉండదు. కార్పెట్ కూడా ఇలాంటిదే. గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఊళ్ళలో దాని నూలు మధ్య కంటికి కనపడని దుమ్ము పురుగులు పెరుగుతాయి. అవి ఉబ్బసాన్నీ తుమ్ములనూ రేపుతాయి. తడిగుడ్డ పెట్టి తుడవగల మొజాయిక్ నేలో, గ్రానైట్ నేలో ఉన్న ఇంట్లో దాన్ని కప్పడానికి కార్పెట్ కొనడం నాకు అర్థం కాని ఖర్చు. మేము ఆ గోడను పూర్తిగా ఎండనిచ్చి, లప్పం కూడా పెట్టకుండా సున్నం వేయించాం. సున్నం గోడను గాలి పీల్చుకోనిస్తుంది, దాని క్షారగుణం బూజును త్వరగా పట్టనివ్వదు.

రేడియం నక్షత్రాల భయం ఒక పేరు వల్ల పుట్టింది. 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న రేడియాన్ని ఒకప్పుడు గడియారాల అంకెలకు పూసేవారు. కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకుంటూ ఆ పని చేసిన అమెరికా కార్మిక స్త్రీలలో కొందరు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. ఆ భయంకరమైన చరిత్ర నిజమే. కానీ ఇప్పటి నక్షత్రాల్లో ఉండేది జింక్ సల్ఫైడ్ లేదా స్ట్రాన్షియం అల్యూమినేట్, అవి లైటు వెలుగును పీల్చుకుని చీకట్లో నెమ్మదిగా వదులుతాయి. రోజంతా పెట్టెలో మూసి ఉంచితే ఆ మెరుపు పోతుంది, మళ్ళీ లైటు చూపితే వస్తుంది. అసలు రేడియం పూతకు లైటు చూపవలసిన అవసరమే లేదు. బండ్ల నంబరు ప్లేట్లకు స్టిక్కర్లు కోసే దుకాణాలను మనం రేడియం షాపులనే అంటాం, అక్కడా రేడియం ఉండదు. చిన్న నక్షత్రాలు ఊడిపడితే బిడ్డ మింగే ప్రమాదం మాత్రం ఉంది కాబట్టి వాటిని చేతికి అందని పైకప్పుకే అంటించాలి.

గులాబీ, నీలం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1918లో అమెరికాలోని ఒక బట్టల వ్యాపార పత్రిక మగపిల్లలకు గులాబీ, ఆడపిల్లలకు నీలం తగునని రాసింది. ప్రకృతి నియమమే అయితే కొన్ని దశాబ్దాల్లో తారుమారు కాదు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒక అడుగు దూరం దాటితే ఏదీ స్పష్టంగా కనిపించదు, రంగుల తేడా బాగా తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది.

చివరిగా, గోడ మీద గీతలు. పిల్లలు గీస్తారు, నిలబడి, చేయంతా చాచి గీయడం వారికి పలక మీద వంగి రాయడం కంటే ముందే వస్తుంది. వారించడం కంటే చోటు చూపించడం తేలిక. మా మనవరాలికి రెండేళ్ళు నిండినప్పుడు మార్కాపురం రాతి పలకలు రెండు, పక్కలకు చెక్క చట్రం బిగించి, నేల నుంచి అడుగున్నర ఎత్తున ఆ సున్నపు గోడకే గట్టిగా స్క్రూలతో పెట్టించాం. ఇప్పుడు ఆమెకు వాటిని పైకి జరపవలసినంత ఎత్తు వచ్చింది. కింద ఖాళీ అయ్యే చోటును చిన్న కోడలి బిడ్డ కోసం అలాగే ఉంచమని చెప్పాను.