వకీళ్ల మధ్య మాట నిలవాలి

హైకోర్టులో చిన్న దరఖాస్తు మీద వాదించాలన్నా కోరాపుట్, మల్కన్‌గిరి వకీళ్లు ఒకప్పుడు రాత్రంతా ప్రయాణం చేసి కటక్ చేరాల్సి వచ్చేది. 2023 ఫిబ్రవరిలో ఒడిశా హైకోర్టు 10 జిల్లాల్లో వర్చువల్ హైకోర్టులు (జిల్లాలోనే ఉండి వీడియోలో హైకోర్టు ముందు వాదించే ఏర్పాటు) తెరిచాక ఆ తిప్పలు చాలావరకు తగ్గాయి. అదే ఏడాది మిగతా జిల్లాలకూ ఆ సౌకర్యం అందింది. ఈ-ఫైలింగ్ వచ్చింది, వాయిదా తేదీ ఫోన్‌లోనే తెలిసిపోతోంది. కక్షిదారు ఖర్చు తగ్గించే ఏ ఏర్పాటునైనా మేము మనసారా స్వాగతిస్తాం. మా ఆందోళన వేరు. కోర్టు పని తెర మీదికి వెళ్లేకొద్దీ వకీలుకూ వకీలుకూ మధ్య ఉండే చనువు, నమ్మకం పలచబడుతున్నాయి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఈ నష్టం ఇంకాస్త ఎక్కువ.

ఎందుకంటే ఇక్కడి బార్ రూం, అంటే కోర్టులో వకీళ్లు కూర్చునే గది, ఒక్క భాషది కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. భూమి తగాదాల్లో అప్పటి తెలుగు దస్తావేజులు బయటికి వస్తుంటాయి. గొలుసుకట్టు రాత, మడతల దగ్గర చిరిగిన కాగితం. ఫోన్ కెమెరా పెట్టి అనువదించుకుందామంటే ఆ రాత యాప్‌కు కొరుకుడుపడదు. తెలుగు రాని వకీలు ఆ కాగితం పట్టుకుని ఓ తెలుగు సీనియర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆ సీనియర్ మరో కేసులో తనకు ఎదుటి పక్షమే కావచ్చు. అయినా కళ్లద్దాలు సవరించుకుని నాలుగు హద్దులూ, సాక్షుల పేర్లూ చదివి పెడతారు. ఒడియా కాగితాల్లో అర్థంకాని చోట తెలుగు జూనియర్‌కు ఒడియా వకీలే దిక్కు. దీనికి ఫీజు లేదు, రసీదు లేదు. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ల మధ్యే ఇది సాగుతుంది.

ఇప్పుడు ఎదుటి వకీలుతో మాటంతా వాట్సాప్‌లోనే. "ఒంట్లో బాగాలేదండీ, రేపు వాయిదాకు అభ్యంతరం చెప్పకండి" అని పంపితే నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. మర్నాడు చూస్తే ఎక్స్‌పార్టీ, అంటే మనవైపు ఎవరూ రాలేదని ఏకపక్షంగా ఉత్తర్వు. అంతకన్నా చెడ్డది స్క్రీన్‌షాట్. నమ్మి రాసిన రెండు ముక్కలు కక్షిదారు ఫోన్‌కు, అక్కడి నుంచి ఊరి గ్రూపుకు పాకిపోతున్నాయి.

తన వకీలు ఎదుటి వకీలుతో కలిసి టీ తాగితే చాలు, ఇద్దరూ కుమ్మక్కయ్యారని కక్షిదారుకు అనుమానం. అది పాత సంగతే. అనుభవం ఉన్న వకీలు సర్దిచెప్పి పంపేవారు. ఇప్పుడు కొందరు కక్షిదారు చూస్తాడనే ఎదుటివారికి కటువుగా రాస్తున్నారు. మెసేజ్ వెళ్లేది ఒకరికి, రాసేది ఇంకొకరి మెప్పు కోసం. రాజీకి వచ్చే కేసు కూడా అక్కడే బిగుసుకుపోతుంది. అన్నదమ్ముల పంపకాల దావా ఏళ్ల తరబడి నలిగితే నష్టపోయేది ఆ కుటుంబమే. ఎదుటి వకీలుతో మనసు విప్పి మాట్లాడలేని వకీలు తన కక్షిదారుకు ఏం మేలు చేయగలరు?

నిబంధనలు లేక కాదు. ఎదుటి పక్షానికి ఇచ్చిన న్యాయమైన మాటను, రాతలో లేకపోయినా, నిలబెట్టుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాలని వకీళ్ల నడవడికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 35వ నిబంధన చెబుతోంది. వకీలు ఉన్న కక్షిదారుతో కేసు విషయం నేరుగా మాట్లాడరాదన్నది 34వది. నోటిమాటకే ఇంత విలువ ఉంటే ఫోన్‌లో రాసి ఇచ్చిన మాటకు ఎంత ఉండాలి? ఎదుటివారి కక్షిదారుకు నేరుగా మెసేజ్ పెట్టడం కూడా 34వ నిబంధనను మీరడమే.

పని ఎగ్గొట్టి వాయిదా మీద వాయిదా అడిగేవారిని వెనకేసుకు రమ్మని మేము అనడం లేదు. అలాంటి చోట గట్టిగా అభ్యంతరం చెప్పాల్సిందే. కానీ జ్వరంతో పడుకున్న మనిషి మీద గెలుపు గెలుపు కాదు.

బరంపురంలో వకీలుగా పేరు తెచ్చుకున్న జోగయ్య పంతులు, ఆయన కుమారుడు, బారిస్టరు చదివి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి వంటివారిని చూసిన నేల ఇది. ఇక్కడి బార్‌కు మాట విలువ బయటివాళ్లు నేర్పనక్కర్లేదు. అయితే తెర మీద వాదనలు విని ఇంటికి పోయే జూనియర్‌కు అది తనంతట తాను అబ్బదు. వారంలో ఒక పూటైనా సీనియర్లు వారిని బార్ రూంలో కూర్చోబెట్టుకోవాలి, ఎదుటి వకీళ్లకు పరిచయం చేయాలి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం బార్ అసోసియేషన్లు రెండు తీర్మానాలు చేయాలి. ఎక్స్‌పార్టీ కోరే ముందు ఎదుటి వకీలుకు ఒక ఫోన్ కాల్ తప్పనిసరి. వకీళ్ల మధ్య సాగిన మెసేజ్, పంపినవారి అనుమతి లేకుండా కక్షిదారుకు చేరకూడదు. వాటిని తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, వేసవి సెలవుల తర్వాత కోర్టులు తెరిచే నాటికి నోటీసు బోర్డు మీద పెట్టాలని కోరుతున్నాం.