బండికి వాలు వేశాం, అక్కకి వేయలేదు

పోయిన ఏడాది అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడే డాక్టరు గారు కొన్నాళ్ళు మెట్ల జోలికి వెళ్ళనివ్వద్దన్నారు. గుంటూరులో మాది పాత డాబా ఇల్లు. వాకిట్లోంచి వరండాలోకి మూడు మెట్లు, ఒక్కోటి ఎనిమిది అంగుళాలు. వారం తిరక్కుండా మేస్త్రీని పిలిచి వాలు కట్టించే పని మాట్లాడాను. ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే అక్క వరండాలో తన చక్రాల కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆయన వెళ్ళాక ఒక్క మాట అంది: "మంచిదేరా చిన్నోడా. నేను కూడా వాడుకుంటాను."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అక్కకి 1984లో, రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది. ఈ ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఆ మూడు మెట్లే ఎక్కింది, దిగింది. కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ వేసుకుని, గోడ పట్టుకుని. వాన పడి మెట్లు తడిస్తే కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేది. మేమంతా అది చూస్తూనే పెరిగాం. అందులో మార్చాల్సింది ఏదైనా ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి నోరు రావడం లేదు. 1999లో నాన్న స్కూటర్ కొన్నారు. బండి వచ్చిన మర్నాడే మెట్ల పక్కన సిమెంటు వాలు పోయించారు, రాత్రిపూట వరండాలో పెట్టుకోవాలి కదా అని. రెండడుగుల ఎత్తుకి నాలుగడుగుల పొడవు. గేరులో వేసి ఒక్క ఊపులో ఎక్కించేవాళ్ళం. ఒకరోజు అక్క దాని మీద నుంచి దిగబోయింది. కాలిపర్ బూటు జారి పడిపోయింది, మోచెయ్యి చీరుకుపోయింది. "మెట్లుండగా దాని మీద ఎందుకు దిగావు?" అని ఇంట్లో అందరం తననే కేకలేశాం. బండి కోసం ఒక్క రోజులో పని జరిగిన ఇంట్లో, మనిషి కోసం పాతికేళ్ళు జరగలేదు.

వాలు ఎంత ఉండాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. మా రెండడుగులకి ఇరవై నాలుగడుగులు కావాలి. స్థలం లేదని మొదట అనుకున్నాను. ప్రహరీ గోడ వెంట పద్నాలుగడుగులు తీసుకెళ్ళి, మూల దగ్గర కుర్చీ తిరిగేంత చదును ఇచ్చి, అక్కడి నుంచి పదడుగులు మళ్ళిస్తే సరిపోయింది. రెండు మందార చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. మేస్త్రీ నున్నగా పాలిష్ చేయబోతే అక్క ఆపింది. "జారుతుంది మేస్త్రి గారూ, చీపురుతో అడ్డంగా గీతలు లాగండి, ఒక పక్క పట్టుకోడానికి పైపు పెట్టండి" అని చెప్పింది. ఇన్నేళ్ళుగా ఆ లెక్కంతా తన తలలో ఉంది. మేం అడగలేదు, అంతే.

ఆ వాలు దిగి గేటు దాటాక ఏముంది? అసలు నేను మాట్లాడాలనుకున్నది అదే.

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోస్తారు. పొరకి ఐదారు అంగుళాలు పెరుగుతుంది. "రోడ్డు ఎలాగూ లేస్తుంది, రేపు వాన నీళ్ళు ఇంట్లోకొస్తాయి" అని కొత్తగా కట్టుకునేవాళ్ళు మూడడుగులు, నాలుగడుగులు ఎత్తులో కడతారు. వాళ్ళని తప్పుపట్టలేను, నీళ్ళు నిజంగానే వస్తాయి. అంత ఎత్తు మీదికి కారు ఎక్కాలంటే వాలు కావాలి, ఆ వాలు గేటు లోపల పట్టదు. కాబట్టి సైడు కాలవ దాటి రోడ్డు మీదికి తెస్తారు. ఎదురింటాయన అడుగు ముందుకొస్తే పక్కింటాయన రెండడుగులు వస్తాడు. ఇలా వీధి రెండు అంచులూ బండ్ల కోసం గుట్టలు గుట్టలుగా అయిపోయాక, నడిచేవాళ్ళు నడిరోడ్డు మీద ఆటోలు, టిప్పర్ల మధ్య నడవాలి. అక్క కుర్చీ కూడా అక్కడే వెళ్ళాలి. వీధి చివర కిరాణా కొట్టు ఉంది, నాకు రెండు నిమిషాలు. అక్క ఒక్కతీ అక్కడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో నేను లెక్కపెట్టలేను.

ఇళ్ళు కట్టేటప్పుడు మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలని మేస్త్రీతో గంటసేపు వాదిస్తాం. ఆ మెట్లు ఎవరు ఎక్కలేరన్నది మాత్రం ఐదు నిమిషాలు కూడా మాట్లాడుకోం. అపార్ట్‌మెంట్లయితే ఇంకా అన్యాయం. లిఫ్ట్ ఉందని చెప్పి ఫ్లాటు అమ్ముతారు. పార్కింగ్ నుంచి ఆ లిఫ్ట్ దాకా వెళ్ళాలంటే నాలుగైదు మెట్లు. పార్కుకెళ్తే బైకులు రాకుండా గేటు దగ్గర అడ్డంగా ఇనప పైపులు. బైకులతో పాటు చక్రాల కుర్చీ, పసిపిల్ల తోపుడు బండి, వాకరు పట్టుకున్న ముసలాయన, అందరూ బయటే ఆగిపోతారు.

"మేమున్నాంగా, ఎత్తుకుని తీసుకెళ్తాం" అంటారు. ప్రేమగానే అంటారు, నాకు తెలుసు. కొన్నేళ్ళ క్రితం బంధువుల పెళ్ళిలో అదే జరిగింది. కల్యాణ మండపంలో భోజనాలు మేడ మీద. లిఫ్ట్ పనిచేయడం లేదు. నలుగురు కుర్రాళ్ళు వచ్చి కుర్చీతో సహా అక్కని పైకి లేపారు. మెట్ల మీద వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. "జాగ్రత్త, జాగ్రత్త" అని ఒకరు, "పాపం" అని ఒకరు. అక్క ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి పోకుండా అదిమి పట్టుకుంది. తల ఎత్తలేదు. ఏమీ సరిగ్గా తినలేదు. మళ్ళీ దింపాలి కాబట్టి నీళ్ళు కూడా తాగలేదు. ఆ తర్వాత ఎవరి పెళ్ళికి పిలిచినా "ఒంట్లో బాగాలేదు" అంటుంది. ఒంట్లో బాగానే ఉంటుంది.

సాయం చేసేవాళ్ళు మంచివాళ్ళే. కానీ ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరి దయ కోసం ఆగాల్సిన బతుకు ఎంత అలసటో మంచం మీద పడి లేచిన వాళ్ళనెవరినైనా అడగండి.

మన ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని నేననను. ఇక్కడ దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి ఆరు వేలయింది, ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తున్నారు. అక్కకి అది చాలా ఆసరా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశారు. అక్క కూడా సంతోషించింది. కానీ ఆ బస్సు మొదటి మెట్టు నా మోకాలి దాకా ఉంటుంది. అన్నీ ఇంటికి తెచ్చిచ్చేస్తే మనిషి బయటికి రావాల్సిన పని లేదని అనుకుంటున్నామేమో అని నాకు భయం. అక్కకి సరుకులే కాదు, కొట్టు ముందు ఆగి నలుగురితో మాట్లాడటం కూడా కావాలి.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం దివ్యాంగులూ వాడుకునేలా పెట్టిన ప్రమాణాలు పాటించని కట్టడానికి అనుమతే ఇవ్వకూడదు. జనం వచ్చిపోయే భవనాలన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022లోనే అయిపోయింది. కళ్ళు కనిపించని రాజీవ్ రాతూరి గారు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న మళ్ళీ తీర్పిచ్చింది. హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, ఉన్న నిబంధన సలహాలాగా ఉంది, తప్పనిసరి నిబంధనలు చేయండి అని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. 2025 మేలో అదే కోర్టు, ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అయితే ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలని, అంచు ఎత్తు ఆరంగుళాలు దాటకూడదని ఎప్పుడో రాసి పెట్టింది. ఇన్ని కాగితాలు ఉన్న దేశంలో మా అక్క కొట్టుకెళ్ళి ఉప్పు తెచ్చుకోలేకపోతోంది.

పోలియో పోయిందిగా అనేవాళ్ళకి ఒక మాట. అవును, 2014 మార్చిలో పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చింది. పోలియో వచ్చినవాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు, నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఈ వయసులో కండరాలు మళ్ళీ బలహీనపడతాయి. అక్క కాలిపర్ నుంచి కుర్చీకి వచ్చింది అందుకే. వాళ్ళకి తోడు ఇప్పుడు మన అమ్మానాన్నలు. వీధికో మోకాళ్ళ ఆపరేషన్, వీధికో పక్షవాతం.

మా వాలు పూర్తయిన మూడో రోజు పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, అక్క ఒక్కతీ గేటు దాటింది. నన్ను వెనక రావద్దంది. నాలుగో ఇంటి దాకా వెళ్ళి, వాళ్ళ వాలు రోడ్డు మీదికొచ్చిన చోట ఆగి, వెనక్కి తిరిగొచ్చింది. ఆ ఇంటాయన్ని కలిసి మాట్లాడాను. "మరి మా కారు ఎలా ఎక్కాలి తమ్ముడూ?" అన్నారు. ఆయన ప్రశ్నా నిజమే. రోడ్డు ఎత్తు తగ్గితే తప్ప దానికి జవాబు లేదు.

వచ్చే నెలలో మా వీధికి మళ్ళీ సీసీ రోడ్డు వేస్తారంటున్నారు. పాత రోడ్డు తవ్వి తీసి, అదే మట్టానికి కొత్తది వేయాలని, కాలవ మీద బండలు సమంగా పరిచి నడక దారి వదలాలని అర్జీ రాశాం. ఇప్పటిదాకా పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకం పెట్టారు, నాలుగో ఇంటాయనతో సహా. సోమవారం వార్డు సచివాలయంలో ఇస్తున్నాం. అర్జీ ఇవ్వడానికి అక్క కూడా వస్తానంది. అక్కడ గుమ్మం ముందు రెండు మెట్లున్నాయి, నిన్న వెళ్ళి చూసొచ్చాను. అధికారి గారినే బయటికి వచ్చి తీసుకోమని అడుగుతాం.