సవరణ: పన్నుకు ఆధారం లారీ మొత్తం బరువు కాదు, యాక్సిల్ బరువు

జాతీయ రహదారుల నిర్వహణకు నిధులు ఎలా రాబట్టాలన్న మా పోస్టులో "లారీ మొత్తం బరువును బట్టి పన్ను వేస్తే చాలు" అని ఉంది. దాన్ని ఇలా సవరించి చదవండి: పన్ను ఒక్కో యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) మీద పడే బరువును, తిరిగిన దూరాన్ని బట్టి ఉండాలి.

అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958-60 మధ్య లారీలను నడిపి రోడ్ల అరుగుదలను కొలిచిన ఆషో రోడ్ టెస్టు నుంచి వచ్చిన సూత్రం ప్రకారం, రోడ్డుకు జరిగే నష్టం యాక్సిల్ బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే నష్టం దాదాపు 16 రెట్లవుతుంది. 10 టన్నుల యాక్సిల్ మీద 12 టన్నులు వేస్తే నష్టం రెట్టింపు దాటుతుంది. 5 యాక్సిళ్ల మీద 40 టన్నులు సమంగా మోసే లారీ కన్నా, 3 యాక్సిళ్ల మీద 30 టన్నులు మోసేది రోడ్డును దాదాపు ఒకటిన్నర రెట్లు పాడుచేస్తుంది. మొత్తం బరువు లెక్కన మాత్రం మొదటిదానికే పన్ను ఎక్కువ. అప్పుడు అదనపు యాక్సిల్ వేయించడానికి యజమానికి కారణమే ఉండదు. డీజిల్ పన్ను కూడా ఈ తేడాను పట్టుకోలేదు.

వాననీటి నష్టాన్ని మాత్రం లారీల ఖాతాలో వేయడం అన్యాయం. సైడు కాలువ పూడుకుపోయినా, పగుళ్లను సకాలంలో మూయకపోయినా నీరు కిందికి దిగి బేస్ (తారు కింద ఉండే ఆధార పొర) మెత్తబడుతుంది. ఆపైన మామూలు బరువుకే గుంతలు పడతాయి. ఈ పనుల సొమ్మును ఏటా ముందే విడిగా కేటాయించాలి, కొత్త రోడ్ల పద్దులోకి మళ్లించకూడదు.